విన్ననాడే మైల

వేలూరు బడిలో మా తెలుగు క్లాసుకు గది లేదు. వెనకవైపు వరండా చివర, విరిగిన బెంచీలు పడేసే మూల ఒక నల్లబల్లను గోడకు ఆనించి, ఇదే మీ క్లాసు పొమ్మన్నారు. అరవం పిల్లలకు పెద్ద హాలు. ఇంగ్లీషుకు పంకా ఉన్న గది. మాకు ఎండాకాలం ఎండ, వానాకాలం జల్లు. అయినా మేం పోట్లాడలేదు. పోట్లాడేంతమందిమి ఉంటే గదా. సగంమంది బజారులో అంగళ్లు పెట్టుకున్నవాళ్ల బిడ్డలు, మిగతావాళ్లం గుడియాత్తం మగ్గాల వీధుల నుంచి వచ్చినవాళ్లం. తెల్లారి లేస్తే ఇంట్లో తెలుగే మాట్లాడతాం గాని, మా ఇళ్లల్లో తెలుగు అక్షరం ఎరిగిన నరమానవుడు లేడు. మా నాయన సంతకం అరవంలో పెట్టేవాడు. తిట్టేది తెలుగులో తిట్టేవాడు, ఏడ్చేది కూడా తెలుగులోనే.

మా అయ్యవారిది పరదరామి దగ్గర పల్లె. మెడదాకా బొత్తాలు పెట్టిన పాత కోటు, కాళ్లకు చెప్పులు ఉండవు, కోపం ముక్కు మీద ఉండేది. అంతకుముందు ఏడు ఏదో పద్యం చెబుతూ చెబుతూ పన్నుల మీదికి వెళ్లిపోయాడట. ఒక పిల్లవాడు ఇంటికిపోయి చెప్పాడు, ఆ ఇల్లు కాస్తా తాసీల్దారుది. హెడ్మాస్టరు పిలిపించి, "చరిత్ర చెప్పడానికి వేరే మనిషి ఉన్నాడు. నువ్వు భాష చెప్పు. ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందా, నీ ఉద్యోగమూ లేదు, ఆ వరండాలో తెలుగూ లేదు" అన్నాడు. ఈ మాట మాకు వేరేవాళ్లు చెప్పలేదు, ఆయనే వచ్చి చెప్పాడు. దాచుకునే రకం కాదు. "కాబట్టి నాయనలారా, మీ నోళ్లు కుట్టుకోండి. నా నోరు నేను కుట్టుకోలేను" అన్నాడు. మాకు ఆ బడి తప్పితే ఊళ్లో ఇంకెక్కడా తెలుగు చెప్పేవాళ్లు లేరు. అందుకని ఆయన ఏం చెప్పినా మేం ఫిర్యాదుగా ఇంటిదాకా మోసుకుపోలేదు.

ఆ ఏడు మాకు ఒక నవల పెట్టారు. రాసినాయన పేరు అట్ట మీద లేదు. నవల పేరు చెప్పినా ఇప్పుడెవరికీ తెలియదు. కథ చిన్నది. ఒక ఊళ్లో ఒక చెరువు. నీళ్ల వంతుల కోసం అన్నదమ్ములిద్దరు తలలు పగలగొట్టుకుని, చివరికి తూము కాపలాకు ఒక పరాయివాణ్ణి కూలికి పెట్టుకుంటారు. వాడు మొదట వంగి దండం పెడతాడు. తర్వాత తూము తాళం తన మొలకు కట్టుకుంటాడు. ఆ తర్వాత ఎవరి చేనికి ఎంత పారాలో తానే చెబుతాడు. చివరకు చెరువు కట్ట ఎక్కేవాడు ఎవడైనా తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని ఎక్కాలంటాడు. ఊరంతా తీస్తుంది. ఆ తలగుడ్డలన్నీ నేసిన నేతగాడొకడు మాత్రం తియ్యనంటాడు. వాణ్ణి కట్ట మీదే చంపేస్తారు. మద్రాసులో పెద్దలెవరో దీన్ని సేద్యం గురించిన మంచి కథ అనుకుని పరీక్షకు పెట్టి ఉంటారని అయ్యవారు నవ్వేవాడు.

ఆయన పాఠం చెప్పే పద్ధతి ఒకటుంది. నల్లబల్ల నడుమ నిట్టనిలువుగా గీత గీసేవాడు. ఎడమ పక్క నవల, కుడి పక్క చరిత్ర. ఎడమ పక్క 'అన్నదమ్ములు' అని రాస్తే కుడి పక్క 'ఆర్కాటు గద్దెకు కొట్టుకున్న నవాబులు' అని రాసేవాడు. ఎడమ పక్క 'కూలికి వచ్చిన కాపలావాడు', కుడి పక్క 'కుంపిణీ'. తలగుడ్డకు ఎదురుగా మాత్రం ఏమీ రాయకుండా చాలా రోజులు ఖాళీగా ఉంచాడు. హెడ్మాస్టరు బూట్ల చప్పుడు వినబడితే కుడి పక్క మాత్రం కోటు చేత్తో తుడిచేసి, "సంధి విడదీయండి" అనేవాడు. ఆ చేయి మోచేతి దాకా ఎప్పుడు చూసినా సుద్దే.

మాకు దీంతో పిచ్చి పట్టింది. ప్రతిదాని వెనకా ఇంకొకటి ఉందని వెతకసాగాం. చెరువు కట్ట మీద మేసే బర్రె ఒకటి వస్తుంది కథలో. అది ఎవరు? ఒకడు ఫ్రెంచివాళ్లన్నాడు, ఒకడు మైసూరు సుల్తాను అన్నాడు, ఇద్దరూ చొక్కాలు పట్టుకున్నారు. అయ్యవారు నడుమకొచ్చి, "ఒరే, అది బర్రెరా. పాలిస్తాది, పేడ వేస్తాది. అన్నిటి వెనకా ఇంకోటి ఉండాలంటే రాసేవోడు బతకతాడా" అన్నాడు. ఆ రోజు నవ్వినంతగా ఆ వరండాలో మేం మళ్లీ నవ్వలేదు.

తలగుడ్డ పాఠం వచ్చిననాడు మమ్మల్ని కోటకు నడిపించుకుపోయాడు. కోట మాకు కొత్త కాదు, రోజూ అగడ్త పక్కనుంచే బడికి వచ్చేది. లోపల కచేరీలు, గుమాస్తాలు, కాగితాల వాసన. ఒక గోడ పక్క గడ్డిలో కూర్చోబెట్టి, నల్లబల్ల మీద ఖాళీగా వదిలిన సంగతి చెప్పాడు. మా తాతల తాతల నాడు ఈ కోటలో కొలువున్న దేశపు సిపాయిలను పాత తలపాగా తీసి కొత్తరకం టోపీ పెట్టుకోమన్నారు. బొట్టు తుడుచుకోమన్నారు, గడ్డం గీసుకోమన్నారు. వాళ్లు ఒక రాత్రి తిరగబడి తెల్లవాళ్లను చంపారు. తెల్లవారాక ఆర్కాటు నుంచి గుర్రాల దండు వచ్చింది. ఆ తర్వాత ఈ గోడల నడుమ సిపాయిలు గుంపులు గుంపులుగా చచ్చారు.

"సచ్చిన దొరలకు రాళ్లు ఉండాయి, పోయి సదువుకోండి. పేరు, ఊరు అన్నీ ఉండాయి. వీళ్లకు ఈ గడ్డి ఉండాది" అన్నాడు. ఆయనకు మనసు కరిగితే పుస్తకం తెలుగు పోయి పరదరామి తెలుగు వచ్చేది.

నేను ఊరుకోలేకపోయాను. "అయ్యవారూ, అయితే ఆ నేతగాడు నిజంగా ఉన్నాడా?" అని అడిగాను.

ఆయన నా వైపు చూశాడు. నేనెవరి బిడ్డనో ఆయనకు తెలుసు. "ఉన్నాడు. ఈడ సచ్చినోళ్లలో మీ వీధివాడు ఒకడు లేడని ఎవురన్నా చెప్పగలరా? పేరు కత రాసినోడు పెట్టింది. మనిషి ఉన్నాడు" అన్నాడు. కళ్లనిండా నీళ్లు. మాస్టరు ఏడవడం మేమెవరం అంతకుముందు చూడలేదు. ఎటు చూడాలో తెలియక గడ్డి పీక్కుంటూ కూర్చున్నాం.

వేలూరులో మా మేనమామ గుడ్డల అంగట్లో నా మకాం. శనివారం బడి వదలగానే కాట్పాడిలో రైలు మారి గుడియాత్తం పోయేవాణ్ణి, సోమవారం తెల్లవారి బండికి తిరిగి వచ్చేవాణ్ణి. నాయన మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తుంటే, పక్కన గోడకు ఆనుకుని ఆ నవల చదివి వినిపించేవాణ్ణి. మొదట్లో నా చదువు సంగతి చూద్దామని విన్నాడు. తర్వాత రుచి మరిగాడు. నేను గడప తొక్కడం ఆలస్యం, "ఆ తూముకాడ వదిలిపెట్టినావు గదరా, ఆడ్నించి ఎత్తుకో" అనేవాడు. మెల్లగా ఇరుగుపొరుగు చేరారు. కండెలు చుట్టే ఆడవాళ్లు రాట్నాలతో సహా వచ్చి మా పంచలో కూర్చున్నారు. వాళ్లకు నవాబులెవరో, కుంపిణీ ఏమిటో చెప్పబోతే, "అదంతా ఎందుకప్పా, తాళం వాని చేతికి ఇచ్చినారా లేదా, అది చెప్పు" అన్నారు. అందరికీ ఇష్టమైనవాడు నేతగాడు. వాడు మాట్లాడినప్పుడల్లా రాట్నాలు ఆగేవి.

నాయన మా వీధికి పెద్దమనిషి. తగువు తీర్చాలన్నా, పెళ్లి కుదర్చాలన్నా ఆయన మాట కావాలి. మా వీధిలో ఒక కట్టుబాటు ఉంది. నేతగాడు చనిపోతే ఆ రోజు ఏ ఇంట్లోనూ మగ్గం ఆడదు. మగవాళ్లందరూ ఏటికి పోయి, ఇసకలో ఊట తీసి తలస్నానం చేసి వస్తారు. ఎక్కడో దూరదేశంలో చనిపోయి కబురు ఆలస్యంగా అందినా అంతే. ఎన్ని నెలలకు విన్నా, ఎన్నేళ్లకు విన్నా, విన్ననాడే మైల. నా చిన్నప్పుడు ఓడెక్కి రంగం, అంటే రంగూను, పోయిన ఒకాయన అక్కడే చనిపోతే, ఎప్పటికో కబురు వచ్చింది. అప్పుడూ మగ్గాలు ఆగాయి. చచ్చినవాడి లెక్క వేరు, విన్నవాడి లెక్క వేరు అనేవాడు నాయన.

తలగుడ్డ పాఠం చదివింది ఒక ఆదివారం పొద్దున. చదవడం అయ్యాక కూడా పంచలో ఆగిన రాట్నాలు మళ్లీ తిరగలేదు. చివరకు మా అవ్వ అడిగింది.

"వాని పెండ్లాం ఏమాయరా?"

"పుస్తకంలో లేదవ్వా."

"బిడ్డలో?"

"అదీ లేదు."

"అట్లయితే వానికి కొరివి పెట్టినోడు ఎవుడు?" అంది. 

నాయన పేక పోగు నడిపే నాడె చేతిలోంచి దించి పక్కన పెట్టాడు. "ఒరే, ఇది జరిగిందా, అల్లిన కతా? సరిగ్గా చెప్పు" అన్నాడు. కోట సంగతంతా చెప్పాను. తలపాగాలు, ఆర్కాటు గుర్రాలు, గడ్డి. ఆ నేతగాడు ఉన్నాడని మా అయ్యవారు కళ్లనీళ్లు పెట్టుకుని చెప్పాడని చెప్పాను. నాయన పడుగు మీద గుడ్డ కప్పాడు. "మనోడు పోయినాడు. ఇన్నేండ్లూ మనకు చెప్పినోడు లేడు. ఈ పొద్దు విన్నాం" అని గుంతలోంచి లేచాడు.

వీధిలో ఇంటింటికీ మాట పోయింది. ఒక్కొక్క మగ్గం చప్పుడే ఆగిపోతూ వచ్చింది. అవ్వ గడపలో కూలబడి, "నా కొడకా, నీ తల ఎవురు పట్టుకున్నారురా" అని రాగం తీసింది. నాకు భయం వేసింది. బడిలో చదివిన పాఠం ఇట్లా లేచి వీధిన పడుతుందని నేను కలగన్నానా? "నాయనా, అది ఎప్పటిదో గదా" అన్నాను. "ఎప్పటిదైతే ఏమిరా, మనకు ఈ పొద్దుటిది" అన్నాడు.

ఆ వారం ఊళ్లో హర్తాళ్ల గొడవ నడుస్తోంది. ఎవరినో జైల్లో పెట్టారని అంగళ్లు మూయించబోతే, గుంపులుగా నడవకూడదని పోలీసులు దండోరా వేయించారు. మావాళ్లకు ఆ దండోరా గుర్తే రాలేదు. చావు స్నానానికి పోయేవాడికి దండోరా ఏమిటి? వీధి వీధంతా నోరెత్తకుండా బజారు మీదుగా నడిచి ఏటికి పోయింది. తడిగుడ్డలతో తిరిగి వస్తుంటే బజారు మొదట్లో పోలీసులు అడ్డం నిలబడ్డారు. సబిన్‌స్పెక్టరు ఎవరు చచ్చారని అరవంలో అడిగాడు. నాయన చేతులు జోడించి ఉన్నదున్నట్టు చెప్పాడు.

"మా నేతగాడు సామీ. తలగుడ్డ తియ్యనన్నాడని దొరలు చంపేసినారు. వేలూరు కోటలో."

"ఎప్పుడు?"

"శానా ఏండ్లాయ సామీ. మాకు ఈ పొద్దే తెలిసింది."

"ఎవరు చెప్పారు?"

"మా వాని అయ్యవారు. పుస్తకంలో ఉండాది."

ఇంతకంటే నిజం ఆ ఊళ్లో ఎవరూ ఎవరికీ చెప్పి ఉండరు. నాయననూ, వీధి పెద్దలు ఇద్దరినీ ఆ తడిగుడ్డలతోనే స్టేషనుకు నడిపించుకుపోయారు.

మరునాడు తెల్లవారి బండికే వేలూరు పోయి, సంచి కూడా దించకుండా వరండాకు పరుగెత్తాను. అయ్యవారు అప్పుడే గీత గీస్తున్నాడు. చెప్పింది విని, సుద్దముక్క బెంచీ మీద పెట్టి, "పద" అన్నాడు. సెలవు అడగలేదు. హెడ్మాస్టరు గది ముందు నుంచే నడిచి వెళ్లిపోయాం. రైలెక్కాం. కాట్పాడి దాటాక, "మీ నాయన నిజంగా తానం చేసినాడా?" అని అడిగాడు.

"చేసినాడు అయ్యవారూ. వీధంతా చేసింది."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. "ఇన్నేండ్లుగా చెప్తా ఉండాను. ఇట్ల విన్నోడు ఒక్కడు లేడురా" అన్నాడు. నేను ఆయన మొహం చూడలేదు. చూడబుద్ధి కాలేదు.

ఆ సబిన్‌స్పెక్టరు దుర్మార్గుడైతే నాకు ఈ బాధ కొంత తగ్గేది. మంచిగానే కుర్చీ వేయించాడు. "మాస్టరుగారూ, రెండే దారులు. ఆ పుస్తకంలో ఉన్నది నిజమైతే వీళ్లు సర్కారు మీద హర్తాళ్ చేసినట్టు. ముగ్గురూ జైలుకు పోతారు, మీరూ వెనకాలే పోతారు. అది వట్టి కట్టుకథ అయితే వీళ్లు చదువురాని పిచ్చివాళ్లు, ఇప్పుడే ఇంటికి పోతారు. మీరే చెప్పండి" అన్నాడు.

అయ్యవారు ఎక్కువసేపు ఆలోచించలేదు. "కట్టుకథ. చరిత్రకూ దానికీ ఏ సంబంధమూ లేదు. పొద్దుపోవడానికి రాసుకున్నది" అన్నాడు.

"అట్లయితే వాళ్లకు కూడా తెలుగులో చెప్పండి" అని నాయనను బయటికి పిలిపించాడు.

గుడ్డలు ఒంటి మీదే ఆరిపోయి ముడతలు పడి ఉన్నాయి. అయ్యవారిని చూడగానే నాయన మొహం వెలిగింది. మనవైపు మాట చెప్పేవాడు వచ్చాడనుకున్నాడు పాపం. అయ్యవారు నిలబడి, నేలచూపులు చూడకుండా ఆయన మొహం చూస్తూనే చెప్పాడు.

"ఏమప్పా, ఆ నేతగాడు లేడు. అట్లాంటి మనిషి పుట్టనే లేదు. కత కోసం అల్లినారు."

"ఉన్నాడని మా వానితో చెప్పినారంట గదా సామీ?"

"పిల్లోడు. వానికి తెలియలేదు."

నాయన నా వైపు చూశాడు, మళ్లీ ఆయన వైపు చూశాడు. "మేము తానం చేసినాం సామీ" అన్నాడు.  అక్కడున్న కానిస్టేబుళ్లు పగలబడి నవ్వారు. ముగ్గురినీ వదిలిపెట్టారు. నాయన వీధిలోకి దిగాక సబిన్‌స్పెక్టరు అయ్యవారిని దగ్గరికి పిలిచి, "ఆ నేతగాడు ఉన్నాడన్న మాట ఇంకొకసారి మీ నోటినుంచి నా చెవిన పడిందంటే ఆ ముగ్గుర్నీ మళ్లీ ఎత్తుకొస్తాను" అన్నాడు. పక్కన నేను ఉన్నాను కాబట్టి విన్నాను.

నవ్వు పోలీసు స్టేషనులో ఆగలేదు. నాలుగు రోజుల్లో ఊరంతా పాకింది. నాయన సంతకు పోతే, "ఏమప్పా, ఈ పొద్దు ఏ కతలోవాడు పోయినాడు? తానానికి మేము కూడా రావల్నా?" అనేవాళ్లు. చెంబు పట్టుకుని పెరట్లోకి పోతున్నా పిల్లలు అదే మాట. నవ్వినవాళ్లలో ఆనాడు ఏటికి వచ్చి తల తడుపుకున్నవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకు నవ్వక తప్పదు, నవ్వకపోతే తామూ పిచ్చివాళ్లే. ఆ నెలలో పక్కింట్లో పంపకాల తగువు వస్తే నాయనను పిలవలేదు. వేరే ఆయన్ను కూర్చోబెట్టి మాట్లాడుకున్నారు. మా పంచ నుంచి అంతా వినబడుతోంది. నాయన నేత ఆపకుండా నేస్తూనే ఉన్నాడు.

ఆ రాత్రి అన్నం దగ్గర ఆయనకు చెప్పాను. అయ్యవారు మిమ్మల్ని విడిపించడానికే అట్లా చెప్పాడని, కోటలో మాతో చెప్పిందే నిజమని, నేను నా చెవులతో విన్నానని. నాయన ముద్ద కలుపుతూ, "నువ్వు చెప్తే ఒకసారి నమ్మినాను. సాలు. ఆయప్ప నోటితో చెప్పమను" అన్నాడు. అమ్మ, "పోనీలేప్పా, ఇంటికొచ్చినావు, అదే పదివేలు" అంది. "ఇంటికి వచ్చింది ఎవురే? అందరికీ తమాషా అయినోడు వచ్చినాడు" అన్నాడు. ఆ తర్వాత నన్ను పుస్తకం తెరవమని అడగలేదు. నేనే ఒకసారి తెరవబోతే లేచి వీధిలోకి పోయాడు.

వేలూరులో కథ ఇంకొక రకం. పోలీసులదాకా పోయిన సంగతి హెడ్మాస్టరుకు తెలియకుండా ఉంటుందా? నెల చివర తెలుగు క్లాసు మూసేస్తున్నామన్నాడు. మమ్మల్ని అరవంలోకి మారమన్నాడు. ఆ మిగిలిన రోజులు అయ్యవారు వచ్చి నవల పూర్తి చేశాడు. నల్లబల్ల మీద గీత గీయలేదు. చదువుతాడు, కష్టమైన మాటకు అర్థం చెబుతాడు, మళ్లీ చదువుతాడు. చివరి పాఠంలో ఎవడో రాత్రిపూట తూము పగలగొడతాడు. బర్రె గురించి కొట్టుకున్నవాళ్లలో ఒకడు, "అయ్యవారూ, తూము పగలగొట్టినవాడు ఎవరు?" అని ఆశగా అడిగాడు.

"ఎవరూ కాదు. కథ" అన్నాడు.

మేమెవరం తలెత్తలేదు. అంత కోపిష్టి మనిషి ఒక్క తిట్టు తిట్టకుండా పుస్తకం మూశాడు. అందరూ పోయాక నేను ఆగి, మా నాయన అడిగిన మాట చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "నేను చెప్తే ఆయన ఊరుకుంటాడా? వీధికంతా చెప్తాడు, తల ఎత్తుకుని చెప్తాడు. మళ్లీ తీసుకపోతారు" అన్నాడు. అది నిజమే. మా నాయనను ఆయన ఒక్కసారే చూశాడు గాని నాకంటే బాగా పట్టుకున్నాడు.

సొంత ఊరికి పోతూ ఆయన మా వీధి మీదుగా వచ్చాడు. గుడియాత్తం స్టేషనులో దిగి పరదరామి దారి పట్టాలంటే ఊళ్లోంచే పోవాలి. ఆయన భార్య అయ్యవారమ్మ, రెండు ట్రంకు పెట్టెలు, ఎద్దుబండి. బండి మా ఇంటి ముందు ఆపించాడు. ఎందుకు ఆపించాడో ఇప్పటికీ నాకు తెలియదు. ఆపకుండా పోయి ఉండవచ్చు. అమ్మ మజ్జిగ ఇచ్చింది. నిమిషంలో వీధంతా గడప ముందు మూగింది. వాళ్లలో పోలీసు స్టేషనుకు మాటలు మోసే ఒకడు ఉన్నాడని మా అందరికీ తెలుసు, వాడు అందరికంటే ముందు నిలబడ్డాడు.

నాయన మగ్గం గుంతలోంచి లేవలేదు. ఇంటికి వచ్చిన మనిషికి ఆయన లేవకపోవడం నేను చూడటం అదే మొదటిసారి. తల మాత్రం తిప్పి, గొంతు తగ్గించి అడిగాడు.

"అయ్యవారూ, ఒకే మాట. వీళ్లందరూ వింటాండారు. ఆ మనిషి ఉన్నాడా, లేడా?"

అడిగింది చరిత్ర కోసం కాదని ఆయనకు తెలుసు. ఉన్నాడంటే చాలు, నాయన మళ్లీ పెద్దమనిషి. అయ్యవారు చేతిలో చెంబు పట్టుకుని గడప అవతలి మొహాలన్నీ ఒకసారి చూశాడు. ముందు నిలబడ్డవాణ్ణి కూడా చూశాడు.

"లేడప్పా" అన్నాడు.

ఎవరో నవ్వారు. నాయన మగ్గం వైపు తిరిగిపోయాడు. అయ్యవారు మజ్జిగ పూర్తిగా తాగి, చెంబు అమ్మ చేతికి ఇచ్చి, బండెక్కాడు. నేను ఊరు దాటేదాకా బండి వెనక నడిచాను. ఏడుపు ఆగలేదు నాకు, ఆయన మీద కోపం కూడా ఆగలేదు. "ఒక్క మాట గదా అయ్యవారూ, చెప్పి ఉండకూడదా" అన్నాను. "కోపం ఇంట్లో కూర్చోని చేసుకుంటాడులేరా. జైల్లో కూర్చోని కాదు గదా" అన్నాడు. ఇంక పో అని చెయ్యి ఊపాడు. అయ్యవారమ్మ కొంగుతో మొహం కప్పుకుని ఉంది.

నేను అరవంలో చదివి పరీక్ష తప్పాను. మళ్లీ కట్టలేదు. మేనమామ అంగట్లోనే కుదురుకున్నాను. గుడ్డల మూటలతో పరదరామి వైపు సంతలకు తిరిగేవాణ్ణి. వీలైనప్పుడల్లా అయ్యవారి పల్లెకు పోయేవాణ్ణి. వేరుశనగ చేను దున్నించుకుంటూ, వీధిపిల్లలకు ఊరికే అక్షరాలు చెబుతూ ఉండేవాడు. ఎప్పుడు పోయినా మొదట, "మీ నాయన బాగుండాడా?" అని అడిగేవాడు. బాగున్నాడనే చెప్పేవాణ్ణి. ఒకసారి పోయేసరికి ఇంటి ముందు పాడె కడుతున్నారు. ముందురోజు చేనిలో పడిపోయాడట. భుజం ఇచ్చి, మట్టి వేసి, ఆ సాయంత్రానికి గుడియాత్తం చేరాను.

నాయన దీపం పెట్టే వేళకు పడుగులో తెగిన పోగులు ముడివేసుకుంటున్నాడు. చూపు తగ్గి, వేళ్లతో తడిమి తడిమి పట్టుకునేవాడు. నేను పక్కన కూర్చుని, "నాయనా, మా అయ్యవారు పోయినాడు" అన్నాను.

ఆయన వేళ్లు ఆగలేదు.

"యాడ చదివినావు?" అన్నాడు.

"చదవలేదు నాయనా. కండ్లతో చూసినాను. భుజం ఇచ్చి వస్తాండాను."

ఇంకొక పోగు దొరికింది. దాన్ని ముడివేసి, కొస పంటితో కొరికి, "అట్లయితే సరే" అన్నాడు.